1939 కాంగ్రెసు అధ్యక్ష ఎన్నిక

1939 కాంగ్రెసు అధ్యక్ష ఎన్నిక భారత జాతీయ కాంగ్రెసు త్రిపురి మహాసభకు అధ్యక్షుని ఎన్నుకొనుటకై 1939 జనవరి 29న జరిగిన పోటీ ఎన్నిక. అప్పటి అధ్యక్షుడు సుభాష్ చంద్ర బోసు రెండవసారి పోటీ చేయగా, ఆయనకు ప్రత్యర్థిగా ఆంధ్ర నాయకుడు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య నిలిచాడు. బోసుకు 1580 ఓట్లు, పట్టాభికి 1377 ఓట్లు లభించాయి (కొన్ని గ్రంథాలలో పట్టాభి ఓట్లు 1375గా కనిపిస్తాయి). పదవిలో ఉన్న అధ్యక్షుని దించగల అభ్యర్థి ఎవరన్న ప్రశ్నపై కాంగ్రెసు అగ్రనాయకుల మధ్య కొన్ని వారాలపాటు చర్చ జరిగింది. ఆ చర్చలో మొదట వినిపించిన పేరు పట్టాభిది కాదు. ఈ ఎన్నిక గురించి తెలుగువారిలో ప్రచారంలో ఉన్న కథనాలు ఎక్కువగా ఫలితంతో మొదలై గాంధీ ప్రకటనతో ముగుస్తాయి. అభ్యర్థి ఎంపిక జరిగిన తీరు తెలిస్తేగాని ఆ ప్రకటన పూర్తిగా అర్థం కాదు.

ఆ కాలంలో కాంగ్రెసు అధ్యక్షుని పత్రికలు, కార్యకర్తలు "రాష్ట్రపతి" అని వ్యవహరించేవారు. పాత తెలుగు పత్రికలలో "రాష్ట్రపతి సుభాష్ బాబు" అన్న మాట చూచి నేటి పాఠకులు తికమక పడనక్కరలేదు. 1950లో గణతంత్రం ఏర్పడిన తరువాత ఆ పేరు దేశాధిపతికి స్థిరపడింది.

== నేపథ్యం ==

1938 ఫిబ్రవరిలో గుజరాతులోని హరిపురలో జరిగిన మహాసభకు బోసు అధ్యక్షుడైనాడు. అప్పటికి ఆయన వయస్సు 41 సంవత్సరాలు. ఆ ఎంపిక గాంధీ సమ్మతితోనే జరిగింది. ఆ సంవత్సరంలోనే బోసు చొరవతో జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడి, జవాహర్‌లాల్ నెహ్రూ దానికి అధ్యక్షుడైనాడు.

ఏడాది గడిచేసరికి బోసుకూ, వల్లభభాయి పటేలు, రాజేంద్ర ప్రసాదు మొదలైన పాత నాయకులకూ మధ్య రెండు విషయాలలో భేదాభిప్రాయాలు ముదిరాయి. మొదటిది ఫెడరేషను. 1935 భారత ప్రభుత్వ చట్టంలో రాష్ట్రాల స్వపరిపాలనకు సంబంధించిన భాగం 1937లో అమలులోకి వచ్చి, పలు రాష్ట్రాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడ్డాయి. స్వదేశ సంస్థానాలను, బ్రిటిషు ఇండియా రాష్ట్రాలను కలిపి కేంద్రంలో సమాఖ్యను ఏర్పరచే రెండవ భాగం మాత్రం అమలు కాలేదు. కాంగ్రెసు దానిని అధికారికంగా వ్యతిరేకించింది. అయినా మంత్రి పదవుల రుచి తెలిసిన నాయకులు కేంద్రంలో కూడా రాజీ పడవచ్చునని బోసు అనుమానించాడు. రెండవది ఉద్యమం ఎప్పుడు ఆరంభించాలన్న విషయం. 1938 సెప్టెంబరు మ్యూనిక్ ఒప్పందం తరువాత ఐరోపాలో యుద్ధం తప్పదని, బ్రిటనుకు గడువు విధించి ఉద్యమానికి సిద్ధం కావాలని బోసు వాదించాడు. గాంధీ దేశం అందుకు సిద్ధంగా లేదని భావించాడు.

ఒకే వ్యక్తి వరుసగా రెండుసార్లు అధ్యక్షుడు కావడం అపూర్వమేమీ కాదు. నెహ్రూ 1936లో లక్నో సభకు, ఆ వెంటనే ఫైజ్‌పూరు సభకు అధ్యక్షత వహించాడు. రవీంద్రనాథ్ ఠాగూరు కూడా బోసుకు మరొక అవకాశం ఇవ్వాలని కోరాడు. గాంధీ అందుకు అంగీకరించలేదు.

== ఎన్నిక విధానం ==

1934 తరువాతి నిబంధనల ప్రకారం అధ్యక్షుని మహాసభ ప్రతినిధులు ఎన్నుకోవాలి. ప్రతినిధులు పేర్లను ప్రతిపాదిస్తారు. ఒకరికంటె ఎక్కువమంది పోటీలో మిగిలితే, నిర్ణీత దినాన ప్రతినిధులు తమ తమ రాష్ట్ర కేంద్రాలలో ఓటు వేస్తారు. ఆ రాష్ట్రాల లెక్కలన్నీ కలిపి ఫలితం ప్రకటిస్తారు. నిబంధనలు ఇలా ఉన్నా, ఆచరణలో అగ్రనాయకులు గాంధీతో సంప్రదించి ఒక పేరు అనుకోవడం, తక్కిన పేర్లు ఉపసంహరించుకోవడం, ఎన్నిక ఏకగ్రీవం కావడం ఆనవాయితీగా సాగింది. 1939లో ఈ ఆనవాయితీకి భంగం కలిగింది.

ఇక్కడ "రాష్ట్రం" అన్నది కాంగ్రెసు రాష్ట్రం అని గ్రహించాలి. కాంగ్రెసు తన శాఖలను భాషాప్రాతిపదికపై ఏర్పరచుకొన్నది. నెల్లూరు, కావలి వంటి పట్టణాలు పరిపాలనలో మద్రాసు ప్రభుత్వం క్రింద ఉన్నా, కాంగ్రెసు లెక్కలో ఆంధ్ర రాష్ట్రానికి చెందినవి. కనుక మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల ఓట్లు ఆంధ్ర పేరున, తమిళ జిల్లాల ఓట్లు తమిళనాడు పేరున వేరువేరుగా లెక్కకు వచ్చాయి.

== ప్రత్యర్థి కోసం అన్వేషణ ==

బోసును తిరిగి ఎన్నుకోరాదని గాంధీ, పటేలు నిశ్చయించుకొన్న తరువాత, ఆయనకు ఎదురుగా ఎవరిని నిలపాలన్న ప్రశ్న వచ్చింది. అందుకు తగినవాడు దేశమంతటా పేరున్నవాడై ఉండాలి. వామపక్షీయులు కూడా తోసివేయలేనివాడై ఉండాలి. అన్నిటికంటె ముందు పోటీకి ఒప్పుకోవాలి. ఈ మూడు లక్షణాలూ ఒక్కరిలో దొరకలేదు.

యువజనులలో పలుకుబడి రీత్యా చూస్తే బోసుకు సరిజోడు నెహ్రూ ఒక్కడే. అయితే ఆయన అప్పటికే మూడు మహాసభలకు అధ్యక్షత వహించాడు. 1938లో చాలాకాలం ఐరోపాలో గడిపి నవంబరులో తిరిగివచ్చాడు. బోసుపై పోటీ చేసే ఉద్దేశం ఆయనకు లేదు, బోసు తిరిగి పోటీ చేయడం కూడా ఆయనకు ఇష్టం లేదు. మౌలానా అబుల్ కలాం ఆజాదు పేరును ఆయన సమర్థించాడు.

గాంధీ మొదటి ఎంపిక కూడా ఆజాదే. ముస్లిం లీగుతో వైరం పెరుగుతున్న ఆ రోజులలో ఒక ముస్లిం పండితుడు కాంగ్రెసు పీఠంపై ఉండడం దేశానికి మేలని ఆయన తలచాడు. ఆజాదు పట్ల వామపక్షాలకు ద్వేషం లేదు. ఉత్తర భారతంలో ఆయనకు గౌరవం ఉన్నది. అభ్యర్థిగా చూస్తే ఇంతకంటె బలమైన పేరు పాత నాయకుల వద్ద లేదనే చెప్పాలి. చిక్కల్లా ఆజాదు విముఖతతోనే వచ్చింది. 1938 డిసెంబరులోనే గాంధీ నెహ్రూకు వ్రాసిన లేఖలో, ఆ ముళ్ళకిరీటం మౌలానాకు ఇష్టం లేదని, నెహ్రూ మరొకసారి ప్రయత్నించవచ్చునని, ఆయన వినకపోతే పట్టాభి ఒక్కడే మిగులుతాడని తెలిపాడు. పట్టాభి పేరు నాయకుల సంప్రదింపులలోకి వచ్చింది ఈ విధంగా, తక్కినవారు కాదంటే మిగిలే పేరుగా.

1939 జనవరిలో బార్డోలీలో కార్యవర్గ సభ్యులు గాంధీ సమక్షంలో మాట్లాడుకొన్నప్పుడు ఆజాదు పేరే ఖాయమైనదని అనుకొన్నారు. ఆంధ్ర మిత్రులు తన పేరు ప్రతిపాదించినా, ఆజాదుకు అనుకూలంగా తప్పుకొనడానికి పట్టాభి సిద్ధపడ్డాడు. కాని ఆజాదు బార్డోలీ నుండి బొంబాయి చేరిన తరువాత మనస్సు మార్చుకొన్నాడు. జనవరి 20న తన పేరు ఉపసంహరించుకొంటూ, పట్టాభిని ఏకగ్రీవంగా ఎన్నుకోవలసినదని ప్రతినిధులను కోరాడు. ఆజాదు నివాసం కలకత్తా. బెంగాలు నాయకునిపై బెంగాలులోనే ఉంటూ పోటీ చేయడం ఆయనకు ఎంత ఇబ్బందికరమో ఊహించడం కష్టం కాదు.

ఓటింగుకు తొమ్మిది రోజులే గడువు ఉన్నది. ఈసారి పట్టాభి తప్పుకొనకుండా గాంధీ ఆపాడు.

బోసు వైపు నుండి మరొక పేరు వచ్చింది. ఫెడరేషనును నిజంగా వ్యతిరేకించే వామపక్ష నాయకుడు, ఉదాహరణకు ఆచార్య నరేంద్ర దేవ్ వంటివాడు అభ్యర్థి అయితే తాను పోటీనుండి విరమిస్తానని ఆయన ప్రకటించాడు. ఈ ప్రతిపాదనను పాత నాయకులు పట్టించుకోలేదు. పట్టించుకొని ఉంటే బోసు పదవి వదలుకొనేవాడు, పాత నాయకులు కోరిన ఫలితంలో సగం ఓటింగు లేకుండానే చేతికి వచ్చేది. అయితే అధ్యక్షుడు ఎవరన్నది ఒక్కటే వారికి ముఖ్యమైతే ఇది సరిపోయేది. ఆ అధ్యక్షుని నిర్ణయించేది ఎవరన్నది కూడా వారికి అంతే ముఖ్యం.

== అభ్యర్థిగా పట్టాభి ==

పట్టాభి సీతారామయ్య 1880 నవంబరు 24న గుండుగొలనులో జన్మించాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడై, వైద్యవిద్య పూర్తిచేసి బందరులో వైద్యవృత్తి చేపట్టాడు. తరువాత వృత్తిని విడిచి పూర్తికాలం ప్రజాజీవితంలో ప్రవేశించాడు. "జన్మభూమి" అనే ఆంగ్ల వారపత్రిక నడిపాడు. 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు (ఈ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది). 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భంలో వెలువడిన కాంగ్రెసు చరిత్ర ఆంగ్ల గ్రంథం ఆయన రచనే. ఎన్నిక నాటికి ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘం అధ్యక్షుడు. సంస్థాన ప్రజల ఉద్యమంలో కూడా ప్రముఖుడు.

ఆయన బలాబలాలు అప్పుడే స్పష్టంగా ఉన్నాయి. గాంధీ సిద్ధాంతాలను వివరించి చెప్పడంలో ఆయనను మించినవారు తక్కువ. జ్ఞాపకశక్తికి, వాదపటిమకు పేరుపొందాడు. ఆంధ్ర నుండి 1891లో నాగపూరు సభకు అధ్యక్షత వహించిన పనప్పాకం ఆనందాచార్యులు తరువాత మరొకరికి ఆ గౌరవం దక్కలేదన్న భావన తెలుగువారిలో ఉన్నందున, స్వప్రాంతంలో ఆయనకు గట్టి మద్దతు ఉన్నది. కాని పంజాబు, బెంగాలు, సంయుక్త రాష్ట్రాలలోని సామాన్య ప్రతినిధికి పట్టాభి ఒక గ్రంథకర్తగా, కార్యవర్గ సభ్యుడుగా మాత్రమే తెలుసు. వేలాది యువకులను సభలకు రప్పించగల బోసుతో ఆయనను పోల్చడం కష్టం. అంతేకాక, ఆజాదు తప్పుకొన్న తరువాత నిలిచిన అభ్యర్థి అన్న సంగతి అందరికీ తెలిసిపోయినది. ప్రచారానికి వ్యవధి లేదు, ఆ కాలంలో అధ్యక్ష పదవికి ప్రచారం చేసే అలవాటూ లేదు.

== ప్రకటనల పోరు ==

ప్రచారమంతా పత్రికా ప్రకటనల రూపంలో సాగింది. జనవరి 21న బోసు తాను పోటీనుండి తప్పుకోనని తెలియజేశాడు. సిద్ధాంతాలపై, కార్యక్రమాలపై పోటీ జరగడం ఆరోగ్యకరమని ఆయన వాదన.

జనవరి 24న బార్డోలీ నుండి ఏడుగురు కార్యవర్గ సభ్యులు సమాధానమిచ్చారు. వారు వల్లభభాయి పటేలు, రాజేంద్ర ప్రసాదు, జయరాందాసు దౌలత్‌రాం, జె.బి.కృపలానీ, జమ్నాలాల్ బజాజు, శంకరరావు దేవ్, భూలాభాయి దేశాయి. అసాధారణ పరిస్థితులలో తప్ప ఒకే వ్యక్తిని తిరిగి ఎన్నుకోరాదని, కాంగ్రెసు విధానాలను నిర్ణయించేది మహాసభ, కార్యవర్గమే గాని అధ్యక్షుడు కాదని, పట్టాభిని ఏకగ్రీవంగా ఎన్నుకోనివ్వమని వారు బోసును కోరారు. ఈ ప్రకటనపై సంతకం చేయడానికి బోసు అన్న శరత్ చంద్ర బోసు అంగీకరించలేదు. నెహ్రూ కూడా సంతకం చేసినవారిలో లేడు.

బోసు మరునాడే జవాబిచ్చాడు. ఇద్దరు సహచరుల మధ్య పోటీ జరుగుతున్నప్పుడు కార్యవర్గ సభ్యులు ఒక జట్టుగా ఒకరి పక్షం వహించడం న్యాయం కాదన్నాడు. అధ్యక్షుడు కేవలం సభాధ్యక్షుడు కాడని, తన మంత్రివర్గాన్ని తానే నియమించుకొనే ప్రధానమంత్రితోను, అమెరికా అధ్యక్షునితోను పోల్చదగినవాడని వాదించాడు. ఫెడరేషను విషయంలో మితవాదులకు, బ్రిటిషువారికి మధ్య రాజీ జరుగవచ్చునన్న నమ్మకం వ్యాపించి ఉన్నదని కూడా వ్రాశాడు. ఈ చివరి వాక్యం చేసిన హాని పెద్దది. తమ దేశభక్తినే శంకించినట్లు పటేలు, రాజేంద్ర ప్రసాదు భావించారు. ఫెడరేషనును తిరస్కరిస్తూ కాంగ్రెసు చేసిన తీర్మానాలు అమలులో ఉండగా ఆధారం చూపకుండా అంతటి మాట అనడం బోసు చేసిన పొరపాటుగానే పరిగణించాలి. అధ్యక్ష ఎన్నిక విధానాల ఎన్నిక అన్న ఆయన వాదన మాత్రం తేలికగా కొట్టివేయదగినది కాదు. విధానాలతో అధ్యక్షునికి నిమిత్తం లేదన్న ఏడుగురూ ఆ పదవి నుండి ఆయనను దించడానికి అంత పట్టుదల చూపడమే అందుకు నిదర్శనం.

జనవరి 26న నెహ్రూ అల్మోరా నుండి ఒక ప్రకటన చేశాడు. ఫెడరేషను ఈ ఎన్నికలో వివాదాంశమే కాదని, ఈ పోటీ కార్యక్రమాల మధ్య పోటీ కాదని అన్నాడు. బోసుకు అది మింగుడుపడలేదు. వారిద్దరి మధ్య తరువాత జరిగిన దీర్ఘమైన ఉత్తర ప్రత్యుత్తరాలకు బీజం ఇక్కడే పడింది.

గాంధీ మాత్రం ఓటింగుకు ముందు బహిరంగంగా ఒక్క మాటా అనలేదు. తన అభిప్రాయాన్ని సన్నిహితులకు చెప్పాడు, లేఖలలో వ్రాశాడు, ప్రతినిధులకు తెలియజేయలేదు. కనుక బోసుకు ఓటువేసిన వారిలో చాలామంది తాము గాంధీకి వ్యతిరేకంగా ఓటు వేస్తున్నామని తలచి ఉండరు.

== ఫలితం, ఆంధ్ర ఓటు ==

జనవరి 29న ఓటింగు జరిగింది. బోసు 203 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. పోలైన ఓట్లలో ఆయనకు వచ్చినవి సుమారు 53 శాతం.

రాష్ట్రాలవారీ లెక్కలు చూస్తే దేశం ఎలా చీలిపోయినదో తెలుస్తుంది. బెంగాలులో బోసుకు 404, పట్టాభికి 79 వచ్చాయి. పంజాబు, సంయుక్త రాష్ట్రాలు, కర్ణాటక, కేరళ కూడా బోసు వైపు మొగ్గాయి. గుజరాతులో బోసుకు వచ్చినవి 5 ఓట్లు మాత్రమే, పట్టాభికి 100. బీహారు, ఉత్కళ రాష్ట్రాలు పట్టాభి పక్షాన నిలిచాయి. ఆంధ్రలో పట్టాభికి 181, బోసుకు 28 ఓట్లు వచ్చాయి. బెంగాలు ఒక్క రాష్ట్రంలో బోసుకు వచ్చిన ఆధిక్యం 325. దేశం మొత్తంమీద ఆయన ఆధిక్యం కంటె ఇది ఎక్కువ. అంటే బెంగాలును మినహాయిస్తే తక్కిన దేశంలో పట్టాభికే 122 ఓట్ల ఆధిక్యం ఉన్నది. ఆంధ్రను మినహాయిస్తే అది కూడా ఉండదు. ఇద్దరు అభ్యర్థులూ తమ తమ ప్రాంతాల అభిమానంపై ఎంతగా ఆధారపడినారో దీనిని బట్టి తెలుస్తుంది. విధానాల పోటీ అని ఒక పక్షం, వ్యక్తుల ప్రసక్తి లేదని మరొక పక్షం ఎంత చెప్పినా, ఓటర్లు చాలావరకు ఇంటివానికే ఓటు వేశారు.

తమిళనాడు ఫలితం అందరినీ ఆశ్చర్యపరచింది. మద్రాసు ముఖ్యమంత్రి (ఆనాటి వ్యవహారంలో ప్రధానమంత్రి) సి.రాజగోపాలాచారి గాంధీకి సన్నిహితుడు. అయినా అక్కడ బోసుకు 110, పట్టాభికి 102 ఓట్లు వచ్చాయి. ఆ మంత్రివర్గంలో ఆంధ్రుల తరఫున టంగుటూరి ప్రకాశం, వి.వి.గిరి, నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలేనికి చెందిన బెజవాడ గోపాలరెడ్డి ఉన్నారు.

ఆంధ్రలో బోసుకు వచ్చిన 28 ఓట్లను స్వల్పమని విస్మరించరాదు. కాంగ్రెసు సోషలిస్టులు, ఆ పార్టీలో ఉంటూ పనిచేస్తున్న కమ్యూనిస్టులు దేశమంతటా బోసును బలపరచారు. ఆంధ్రలో ఆ వర్గానికి ముఖ్య నిర్మాతలలో ఒకడు నెల్లూరు జిల్లా అలగానిపాడుకు చెందిన పుచ్చలపల్లి సుందరయ్య. స్వయంగా రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడే అభ్యర్థిగా ఉన్న చోట ఆయనకు వ్యతిరేకంగా పడిన ఓట్లు ఇవి.

== గాంధీ ప్రకటన ==

జనవరి 31న గాంధీ బార్డోలీ నుండి ప్రకటన విడుదల చేశాడు. బోసు తిరిగి ఎన్నిక కావడానికి తాను మొదటినుండీ వ్యతిరేకినని, ఆజాదు తప్పుకొన్న తరువాత పట్టాభిని తప్పుకోవద్దని చెప్పినది తానేనని, అందువలన ఈ పరాజయం పట్టాభిది కంటె ఎక్కువగా తనదని అందులో పేర్కొన్నాడు. బోసు దేశానికి శత్రువేమీ కాడని, ఆయన విజయానికి సంతోషమేనని, ఇక తనకు నచ్చిన కార్యవర్గాన్ని ఏర్పరచుకొని తన కార్యక్రమాన్ని నిరాటంకంగా అమలు జరుపవచ్చునని అన్నాడు. నచ్చనివారు బయటకు రావచ్చునని కూడా సూచించాడు.

తెలుగునాట ఇది "పట్టాభి ఓటమి నా ఓటమి" అన్న నాలుగు మాటలకు కుదించుకొని పోయింది. పరాజితుడైన అనుచరుని ఓదార్చడానికి గాంధీ అన్న మాటగా దీనిని చాలామంది చెప్పుకొంటారు. అసలు ప్రకటనలో ఓదార్పు కంటె బాధ్యత స్వీకరించడం ఎక్కువ. అభ్యర్థిని నిలబెట్టినది నేను, కనుక ఓటమి కూడా నాదే అని దాని భావం. దానివలన కలిగిన ఫలితం కూడా తీవ్రమైనదే. ఓటింగుకు ముందు తెలియని గాంధీ అభిప్రాయం ఇప్పుడు అందరికీ తెలిసింది. ఎన్నికలో తీర్పు చెప్పిన ప్రతినిధులనే, ఎవరు కావాలో మరల తేల్చుకొమ్మని అడిగినట్లయింది. దేశంలోని అందరి విశ్వాసం పొంది, దేశంలోకెల్ల గొప్పవాని విశ్వాసం పొందలేకపోతే అది తనకు విషాదమని బోసు సమాధానమిచ్చాడు.

== త్రిపురి మహాసభ, బోసు రాజీనామా ==

ఫిబ్రవరి 22న పటేలు, రాజేంద్ర ప్రసాదు, ఆజాదు మొదలైన 12 మంది కార్యవర్గ సభ్యులు రాజీనామా చేశారు. నెహ్రూ వేరుగా ప్రకటన చేసి తానూ వైదొలగినాడు. మిగిలినవారు బోసు, ఆయన అన్న శరత్ మాత్రమే.

మార్చి 10 నుండి 12 వరకు జబల్పూరు సమీపంలోని త్రిపురిలో మహాసభ జరిగింది. బోసు తీవ్ర జ్వరంతో స్ట్రెచరుపై సభాస్థలికి వచ్చాడు. 52వ మహాసభకు గుర్తుగా 52 ఏనుగులతో సాగిన ఊరేగింపులో రథంపై ఆయన చిత్రపటాన్ని ఉంచారు. రాజకోట వ్యవహారంలో చిక్కుకొన్న గాంధీ సభకు రాలేదు. గోవింద వల్లభ పంతు ప్రవేశపెట్టిన తీర్మానం పాత కార్యవర్గంపై విశ్వాసం ప్రకటించి, కొత్త కార్యవర్గాన్ని గాంధీ అభీష్టం ప్రకారం నియమించవలసినదిగా అధ్యక్షుని కోరింది. విషయనిర్ణయ సంఘంలో ఇది 218-135 ఓట్ల తేడాతో నెగ్గింది. బోసును గెలిపించిన కాంగ్రెసు సోషలిస్టులు మహాసభలో తటస్థంగా ఉండిపోయారు. ఆరు వారాల క్రితం ఓటుతో గెలిచిన అధికారం తీర్మానంతో పోయింది.

గాంధీ తాను పేర్లు సూచించనన్నాడు. తీర్మానం ప్రకారం ఆయన సూచించనిదే బోసు కార్యవర్గం నియమించలేడు. లేఖలతో నెల గడిచిన తరువాత, 1939 ఏప్రిల్ 29న కలకత్తాలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశంలో బోసు రాజీనామా చేశాడు. ఆయన స్థానంలో రాజేంద్ర ప్రసాదు ఎన్నికైనాడు. మే 3న బోసు ఫార్వర్డ్ బ్లాకు స్థాపనను ప్రకటించాడు. ఆగస్టులో కాంగ్రెసు ఆయనను మూడు సంవత్సరాలపాటు ఎన్నికైన పదవులకు అనర్హునిగా నిర్ణయించింది.

ఎన్నికలో ఏ అభ్యర్థీ దించలేని అధ్యక్షుని చివరికి కార్యవర్గ నియామకమనే నిబంధన దించింది. ఖాళీ అయిన స్థానంలో పట్టాభిని కూర్చోబెట్టే ప్రయత్నం ఎవరూ చేయలేదు. ఆయన పోటీ చేసినది పాత నాయకుల ప్రతినిధిగా కాబట్టి, పోటీ ముగిసిన తరువాత ఆయన ప్రసక్తి కూడా ముగిసినది. పరాజయం మాత్రం ఆయన పేరుననే మిగిలిపోయింది.

== ఆజాదు పోటీచేసి ఉంటే ==

ఆజాదు వెనుదీయక ఉంటే బోసు ఓడిపోయేవాడా అన్న ప్రశ్న చరిత్రకారులలో అప్పుడప్పుడు వస్తుంది. 203 ఓట్ల ఆధిక్యం తారుమారు కావాలంటే 102 ఓట్లు ఇటునుండి అటు మారితే చాలు. సంయుక్త రాష్ట్రాలలో బోసుకు 269, పట్టాభికి 185 వచ్చాయి. నెహ్రూ స్వరాష్ట్రమైన అక్కడ, ఆయన బలపరచిన ఆజాదుకు ఇంతకంటె ఎక్కువ ఓట్లు వచ్చి ఉండవచ్చు. పంజాబులో కూడా అంతే. అయితే ఆంధ్రలో పట్టాభికి వచ్చిన 153 ఓట్ల ఆధిక్యం ఆజాదుకు ఆ స్థాయిలో వచ్చి ఉండేదని చెప్పలేము. ఆజాదు బలమైన అభ్యర్థి అన్నంతవరకు సందేహం లేదు. మరుసటి సంవత్సరం, 1940లో, రామ్‌గఢ్ సభకు ఆయన పోటీ చేసినప్పుడు ప్రత్యర్థి ఎం.ఎన్.రాయ్‌కి 183 ఓట్లు, ఆజాదుకు 1854 ఓట్లు వచ్చాయి. కాని రాయ్ బోసు కాడు, అప్పుడు పీఠంపై ఉన్నదీ రాయ్ కాడు.

== తరువాతి సంఘటనలు ==

పట్టాభి 1942 నుండి 1945 వరకు నెహ్రూ, పటేలు, ఆజాదులతో కలిసి అహమ్మదునగరు కోటలో నిర్బంధంలో ఉన్నాడు. కాంగ్రెసు చరిత్ర రెండవ సంపుటం 1947లో వెలువడింది. తాను ఓడిపోయిన ఎన్నిక కథ కూడా తన చరిత్రలో తానే వ్రాయవలసి రావడం చరిత్రకారులలో అరుదు.

1948లో జైపూరు మహాసభకు అధ్యక్ష ఎన్నికలో ఆయన తిరిగి పోటీ చేసి, పురుషోత్తమ దాసు టాండనును స్వల్ప ఆధిక్యంతో ఓడించాడు. ఆ సభలో నెహ్రూ, పటేలు, పట్టాభి సభ్యులుగా భాషారాష్ట్రాల విషయమై ఏర్పడిన సంఘం ముగ్గురి పేర్లతో జె.వి.పి. సంఘంగా ప్రసిద్ధి చెందింది. మద్రాసు నగరంపై హక్కు వదలుకొంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పరచవచ్చునని 1949లో ఆ సంఘం సూచించింది. పట్టాభి తరువాత 1950లో టాండను కాంగ్రెసు అధ్యక్షుడై, నెహ్రూతో విభేదాల వలన 1951 సెప్టెంబరులో రాజీనామా చేశాడు. ఆయన తరువాత ఆ పదవిని ప్రధానమంత్రి నెహ్రూయే స్వీకరించాడు.

పట్టాభి ఒకప్పుడు నిర్వహించిన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి కూడా 1951లో తీవ్రమైన పోటీ జరిగింది. అప్పటివరకు అధ్యక్షుడైన ఆచార్య ఎన్.జి.రంగాను నీలం సంజీవరెడ్డి ఓడించాడు. రంగా కాంగ్రెసును విడిచి కృషికార్ లోక్ పార్టీని స్థాపించాడు.